స్కూలు ఫార్మల్ వేడుకకు సూటు సెట్టా, అద్దె టక్సీడోనా, పొడవు గౌనా: గేటు దాటాక నిలిచేవి, నిలవనివి

స్కూలు నుంచి వచ్చే కాగితంలో సాధారణంగా నాలుగు లైన్లే ఉంటాయి. ఫార్మల్ దుస్తులు వేసుకోవాలి, భుజాలు కప్పుకోవాలి, పొడవు మోకాలి దాకా ఉండాలి, స్నీకర్లు పనికిరావు. ఆ నాలుగు లైన్లకు బజారు మూడు రకాల సరుకు చూపిస్తుంది: రెడీమేడ్ సూటు సెట్టు, అద్దె టక్సీడో (శాటిన్ మెరుపున్న డిన్నర్ సూటు), పొడవు గౌను. మూడింటినీ ఒకే గీటురాయి మీద రుద్దాలి. గేటు దగ్గర టీచరు చూసేది ఒక్క నిమిషం. ఆ తర్వాత మూడు గంటలు కూర్చోవాలి, మెట్లెక్కాలి, చేతులెత్తి ఫొటోలు దిగాలి, గెంతాలి. అద్దం ముందు ఊపిరి బిగబట్టి నిలబడితే ఏ బట్టయినా స్కూలు డ్రెస్ కోడ్‌కు సరిపోయినట్టే కనిపిస్తుంది.

కొనేముందు ఆ కాగితాన్ని సరిగ్గా చదవాలి. పాత మర్యాదల లెక్కలో ఫార్మల్ అంటే వైట్ టై (తోక కోటు, తెల్ల బో టై), సెమీ ఫార్మల్ అంటే బ్లాక్ టై (టక్సీడో, నల్ల బో టై), మామూలు సూటు వాటికి కింది మెట్టు. స్కూలు కాగితాలు రాసేవాళ్లు ఈ లెక్క పట్టించుకోరు. చాలాచోట్ల ఫార్మల్ అన్న మాటకు ముదురు రంగు సూటు, టై, తోలు బూట్లు అనే అర్థం. బ్లాక్ టై అని స్పష్టంగా రాసి ఉంటేనే టక్సీడో జోలికి వెళ్లాలి. దాని పక్కన ఆప్షనల్ అని ఉంటే ముదురు సూటు చాలు. కాక్‌టెయిల్ అని ఉంటే మోకాలి చుట్టుపక్కల పొడవున్న డ్రెస్సు, అంతే. ఇంకా రెండు సంగతులు స్కూలును ముందే అడిగి, జవాబు రాతలో తీసుకోవడం మంచిది: లోపలికి వెళ్లాక కోటుగానీ శాలువాగానీ తీసేయవచ్చా? చర్మం రంగు నెట్ గుడ్డ వేస్తే కప్పుకున్నట్టు లెక్కేనా? గేటు దగ్గర జరిగే గొడవల్లో చాలా వాటికి మూలం ఈ రెండే.

ముందు రెడీమేడ్ సూటు సెట్టు. కోటు, ప్యాంటు, వెయిస్ట్‌కోటు, షర్టు, టై అన్నీ ఒకే కవరులో వచ్చే రకం. లేబుల్ చూస్తే ఎక్కువగా పాలిస్టర్, విస్కోస్ కలిపిన గుడ్డ. ముడతలు తొందరగా పడవు, అది నిజమే. కానీ గాలి ఆడదు. గెంతే కార్యక్రమం ఉందంటే పావుగంటలో వీపు తడుస్తుంది, కోటు కుర్చీ మీదికి చేరుతుంది. పైగుడ్డ కన్నా లైనింగే దీనికి ఎక్కువ కారణం. పైన ఉన్ని కలిసినా లోపల మొత్తం పాలిస్టర్ లైనింగ్ ఉంటే చెమట ఎక్కడికీ పోదు. వీపు భాగంలో సగం దాకే లైనింగ్ ఉన్న కోటు దొరికితే అదే తీసుకోవాలి.

కోటు ముందు భాగం బిగుతుగా నిలబడటానికి లోపల ఒక పొర ఉంటుంది. ఖరీదైన వాటిలో దాన్ని దారంతో కుట్టిన క్యాన్వాస్‌తో చేస్తారు. ఈ సెట్లలో మాత్రం జిగురుతో అతికిస్తారు, టైలర్ల భాషలో పేస్టింగ్. కింది గుండీ కాజాకు దిగువన పైగుడ్డనూ లైనింగునూ రెండు చేతుల వేళ్లతో పట్టుకుని విడదీసి చూడండి. మధ్యలో మూడో పొర విడిగా కదులుతుంటే క్యాన్వాస్. పైగుడ్డే అట్టలా మందంగా ఉండి, మధ్యలో ఏమీ తగలకపోతే పేస్టింగ్. ఒక్క సాయంత్రం వేసుకునే కోటుకు పేస్టింగ్ తప్పేమీ కాదు. అయితే ఇస్త్రీ పెట్టె నేరుగా ఆనిస్తే జిగురు విడిపోయి లాపెల్ (ఛాతీ మీద మడిచిన కాలర్ భాగం) మీద బుడగలు లేస్తాయి. ఒకసారి లేచిన బుడగలు మళ్లీ సాపుగా అవడం కష్టం.

ఇక ఫిటింగ్. భుజం ఒక్కటి కుదిరితే మిగతావన్నీ టైలరు సరిచేయగలడు. భుజం కుదరకపోతే ఆ కోటు ఎంత చవకైనా వదిలేయాలి. భుజం తగ్గించాలంటే చేతులు ఊడదీసి, ప్యాడ్ తీసి, కాలర్ దాకా పని చేయాలి. ఆ కూలి కోటు ధరను మించిపోవచ్చు. చూసే పద్ధతి తేలిక. కోటు వేసుకుని గోడ పక్కన నిలబడి, మెల్లగా పక్కకు ఆనుకోవాలి. చేతికన్నా ముందు భుజం ప్యాడ్ గోడకు తగిలి నొక్కుకుపోతే కోటు పెద్దది. చేతి కండ ముందు తగిలి, భుజం కుట్టు కింద చిన్న గుంట పడితే చిన్నది. మెడ వెనక కోటు కాలర్‌కూ షర్టు కాలర్‌కూ మధ్య సందు కనిపించకూడదు. పై గుండీ పెట్టినప్పుడు పొట్ట మీద గుండీ చుట్టూ ఇంటూ గుర్తులా లాగుడు గీతలు పడితే నడుము బిగుతు. దీన్ని కొంత వదులు చేయవచ్చు, లోపల గుడ్డ వదిలి ఉంటే.

రెడీమేడ్ కోట్లలో అందరూ మర్చిపోయే చోటు చంక. ఎవరికైనా పట్టాలని చంక కోత బాగా కిందికి దించి కుడతారు. వదులుగా ఉంది, హాయిగా ఉంటుందనుకుంటాం. జరిగేది దానికి వ్యతిరేకం: చెయ్యెత్తగానే కోటు మొత్తం చెవులదాకా లేస్తుంది. కోత పైకి ఉంటే చెయ్యి ఒక్కటే కదులుతుంది, కోటు ఉన్నచోట ఉంటుంది. వేసుకుని ట్రయల్ రూములోనే రెండు చేతులూ పైకెత్తి చూడాలి. పిల్లలు సిగ్గుపడతారు, అయినా చేయించాలి.

టీనేజీలో వచ్చే చిక్కు ప్రత్యేకమైనది. పిల్లల సైజుల్లో భుజం చాలదు, పెద్దల సైజుల్లో నడుము నిలవదు. ఛాతీ కొలతకూ నడుము కొలతకూ ఉన్న తేడాను డ్రాప్ అంటారు. సెట్టుగా అమ్మే సూట్లలో అది సాధారణంగా 6 అంగుళాలు, అంటే 36 కోటుకు 30 ప్యాంటు. సన్నగా సాగిన పదహారేళ్ల కుర్రాడికి 34 ఛాతీ, 26 నడుము ఉండొచ్చు. బొద్దుగా ఉన్నవాడికి అదే ఛాతీకి నడుము 33 ఉండొచ్చు. ప్యాంటు నడుము 2 అంగుళాల దాకా తగ్గించవచ్చు. అంతకు మించితే వెనక జేబులు రెండూ దగ్గరికొచ్చి ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. అందుకే కోటు, ప్యాంటు విడివిడిగా అమ్మే చోట కొనడం మేలు. అలా కొన్నా రెండూ ఒకే మోడల్, ఒకే లాటులోవి కావాలి. నలుపులో కూడా రంగు వేసిన లాటు మారితే తేడా వస్తుంది. దుకాణం లైటు కింద తెలియదు, పగటి వెలుతురులో ఒకటి నీలంగా, ఒకటి గోధుమగా కనిపిస్తుంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి చూడాల్సిందే.

ఎదిగే పిల్లలకు కొంటున్నాం కాబట్టి బట్టను తిరగేసి చూడటం తప్పదు. ప్యాంటు అంచు లోపల కనీసం 2 అంగుళాలు, వెనక మధ్య కుట్టు దగ్గర ఒక్కో వైపు అంగుళం, కోటు చేతి లోపల అంగుళం గుడ్డ వదిలి ఉంటే ఆ సెట్టు ఇంకో వేడుకకు కూడా పనికొస్తుంది. అంచును కత్తిరించి ఓవర్‌లాక్ కొట్టేసి ఉంటే ఇక సాగే దారి లేదు. ఇంకో సంగతి, పాలిస్టర్‌లో ఫ్యాక్టరీ వేడితో వేసిన మడత గీత పోదు. పొడవు దించితే పాత గీత కాలి చుట్టూ గుర్తులా మిగులుతుంది. కాబట్టి పొడవు ప్యాంటు తెచ్చి మడిచి కుట్టించడమే నయం, పొట్టిది తెచ్చి దించడం కాదు. కోటు చేతుల విషయంలో కాజాలు చూడండి. గుండీలు ఊరికే పైన కుట్టి ఉంటే చేయి కింద నుంచి పొట్టి చేయవచ్చు. నిజంగా కోసిన కాజాలైతే భుజం దగ్గర నుంచి పైకి లాగి కుట్టాలి, అది వేరే కూలి. షర్టు కఫ్ కోటు చేతి కింద అరంగుళం కనిపించాలి.

సెట్టులో వచ్చే షర్టు గురించి ఒక్క మాట చాలు: పక్కన పెట్టేయండి. కాలర్‌లో బక్రం (గట్టితనం కోసం వేసే లోపలి గుడ్డ) పల్చగా ఉండి గంటలో వాలిపోతుంది, గుడ్డ లోపలి బనీను గీతలు చూపిస్తుంది. షర్టు విడిగా, మెడ కొలత ప్రకారం కొనాలి. పై గుండీ పెట్టాక కాలర్‌లో ఒక వేలు సులువుగా దూరితే సరి. రెండు దూరితే టై బిగించాక కాలర్ ముడతలు పడుతుంది.

వెయిస్ట్‌కోటు దగ్గర కనిపించే తప్పు ఒక్కటే, అదీ దాదాపు అందరిదీ. ప్యాంటు తుంటి మీద కడతారు, వెయిస్ట్‌కోటు నడుము దగ్గర ఆగుతుంది, మధ్యలో షర్టు తెల్లగా బయటికి చూస్తుంది. ప్యాంటును బొడ్డు దగ్గరికి ఎత్తి కట్టాలి, లేదంటే వెయిస్ట్‌కోటు మానేయాలి. దీని కింద బెల్టు వేస్తే బకిల్ ఉబ్బుతుంది. వెయిస్ట్‌కోటుకూ కోటుకూ అన్నింటికంటే కింది గుండీ పెట్టరు. ఇంగ్లండు రాజు ఏడో ఎడ్వర్డు పొట్ట వల్ల వచ్చిన అలవాటని చెబుతారు. కారణం ఏదైనా నేటి కోట్లను ఆ గుండీ వదిలేస్తేనే సరిగ్గా పడేలా కోస్తున్నారు.

ఇంటికి తెచ్చాక కోటు వెనక చీలిక దగ్గర ఇంటూ ఆకారంలో ఉన్న దారం తెంపాలి, జేబుల మీద కచ్చా కుట్టు విప్పాలి, చేతి మీద బ్రాండు గుడ్డముక్క తీసేయాలి. ఈ మూడూ వదిలేసి వేడుకకు వచ్చేసేవాళ్లు ప్రతిచోటా కనిపిస్తారు. బూట్ల అడుగు కొత్తగా నున్నగా ఉంటే గరుకు కాగితంతో రెండుసార్లు రుద్దితే జారవు. మేజోళ్లు పిక్క దాకా ఉండాలి, కూర్చున్నప్పుడు చర్మం కనిపించకుండా. ఈ సరుకుకు మార్కులు: విడిగా కొని ఆల్టరేషన్ చేయించినదానికి 5కు 4, కవరులో మొత్తం సెట్టుగా తెచ్చినదానికి 2.

అద్దె టక్సీడో గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తోకలేని ఈ పొట్టి డిన్నర్ కోటుకు అమెరికాలో ఆ పేరు న్యూయార్క్ రాష్ట్రంలోని టక్సీడో పార్క్ నుంచి వచ్చింది. సూటుకు దీనికి తేడా లాపెల్ మీద శాటిన్, ప్యాంటు పక్కన శాటిన్ పట్టీ. ప్యాంటుకు బెల్టు లూపులు ఉండవు, భుజాల మీదుగా వేసే సస్పెండర్లో, పక్కన బిగించే పట్టీలో ఉంటాయి. షర్టు మీద మడతల నడుము పట్టీ (కమర్‌బండ్) పెట్టుకుంటే దాని మడతలు పైకి తెరుచుకోవాలి. తలకిందులుగా కట్టుకోవడం సర్వసాధారణం, ఫొటోల్లో శాశ్వతంగా నిలిచిపోతుంది.

ఈ సేవ చెడేది కొలతల తేదీ దగ్గర. దుకాణాలు నెలా రెండు నెలల ముందే కొలతలు తీసుకుని బుక్ చేసుకుంటాయి. పదిహేనేళ్లవాడు ఆ రెండు నెలల్లోనే పెరిగి ప్యాంటును పొట్టి చేసేయవచ్చు. బుకింగ్ ముందే చేసినా, వేడుకకు రెండు వారాల ముందు చేతి పొడవు, కాలి లోపలి పొడవు మళ్లీ కొలిచి దుకాణానికి చెప్పాలి. అలా మార్చుకోనివ్వని దుకాణంలో అద్దెకు తీసుకోకపోవడమే మంచిది. సరుకు చేతికి ఇచ్చే రోజు వేడుకకు కనీసం రెండు మూడు రోజుల ముందు ఉండాలి, ముందు రోజు సాయంత్రం అయితే సైజు మారిస్తే తెప్పించే వ్యవధి ఉండదు. తెచ్చుకునేటప్పుడు అక్కడే మొత్తం వేసి చూడాలి, బూట్లతో సహా. షర్టు గుండీల బదులు పెట్టే స్టడ్లు, కఫ్‌లింకులు లెక్కపెట్టి రసీదు మీద రాయించుకోవాలి. తిరిగిచ్చేటప్పుడు ఈ చిన్న ముక్కలు తగ్గినా జరిమానా వేయవచ్చు. ప్యాంటు అంచు దారంతో కుట్టారో, ఇస్త్రీ టేపుతో అతికించారో చూడాలి. టేపు వేడికీ చెమటకూ ఊడి, గెంతుతున్నప్పుడు మడమ కింద పడుతుంది. కాగితంలో బ్లాక్ టై అని ఉంటే 5కు 3 మార్కులు, లేకపోతే అద్దె దండగ. ఆ డబ్బుకు సూటు ప్యాంటు సరిగ్గా కుట్టించుకోవచ్చు.

గౌను దగ్గర కోడ్ అసలు పరీక్ష మొదలవుతుంది. అబ్బాయిలకు కాగితం వస్తువుల పేర్లు చెప్పి ఊరుకుంటుంది. అమ్మాయిలకు మాత్రం కొలతలు చెబుతుంది: భుజం పట్టీ రెండు వేళ్ల వెడల్పు, పొడవు వేలికొసలు దాటాలి, స్లిట్ (గౌను చీలిక) మోకాలి పైకి వెళ్లకూడదు. ఇందులో వేలికొసల నియమం పనికిరాని నియమం. చేతుల పొడవు మనిషికొకరకం. ఒకే డ్రెస్సు, ఒకే ఎత్తున్న ఇద్దరమ్మాయిలు వేసుకుంటే చేతులు పొట్టిగా ఉన్నామె పాసవుతుంది, పొడుగ్గా ఉన్నామె ఫెయిలవుతుంది. మోకాలి నుంచి ఇన్ని అంగుళాలు అని రాసే స్కూలు తెలివైనది. కాగితంలో వేలికొసలే ఉంటే, కొనేటప్పుడు ఇంకో 2 అంగుళాలు ఎక్కువ ఉన్నది తీసుకోవాలి. కూర్చుంటే డ్రెస్సు పైకి జరుగుతుంది, నడిస్తే ఇంకాస్త జరుగుతుంది.

ట్రయల్ రూములో చేయాల్సినవి ఇవి: గట్టి కుర్చీలో కూర్చుని ముందుకు వంగాలి, రెండు చేతులూ పైకెత్తాలి, కిందపడిన వస్తువు తీసినట్టు వంగాలి, వీలుంటే మెట్టెక్కాలి. ఆ తర్వాత పై అంచు ఎక్కడుందో చూడాలి. పట్టీలు లేని గౌనును ప్రతి రెండు నిమిషాలకూ పైకి లాక్కోవాల్సి వస్తే తప్పు ఛాతీది కాదు, నడుముది. అలాంటి గౌను బరువును మోసేది లోపల నడుము చుట్టూ ఉండే గట్టి పట్టీ. సుమారు అంగుళం వెడల్పున్న గీతల రిబ్బన్, హుక్కులతో బిగించేది. చవక గౌన్లలో అది ఉండదు, పై అంచులో సిలికాన్ టేపు ఒకటి వేసి సరిపెడతారు. చెమటకు టేపు పట్టు వదిలేస్తుంది. రిబ్బన్ పట్టీని పక్క కుట్టుల దగ్గర నాలుగైదు చోట్ల చేత్తో కుట్టించుకోవచ్చు, గంట పని. ఎలాగూ భుజాలు కప్పాలంటారు కాబట్టి పట్టీలు కూడా అప్పుడే వేయించాలి, గౌను అంచు లోపల వదిలిన గుడ్డతోనే చేయిస్తే రంగు కలుస్తుంది.

జిప్పు విషయంలో మొహమాటం వద్దు. బయటికి కనిపించని సన్నని జిప్పే ఈ గౌన్లలో చాలా వాటికి ఉంటుంది, అది ఎక్కువగా తెగేది నడుము కుట్టు దగ్గరే. అక్కడ పైగుడ్డ, లైనింగ్, మడతలు కలిసి ఐదారు పొరలవుతాయి, జిప్పు రన్నర్ అక్కడ ఇరుక్కుంటుంది. బలంగా లాగితే పళ్లు విడిపోతాయి. కొనేముందు పదిసార్లు పైకీ కిందికీ లాగి చూడాలి, ముఖ్యంగా ఒంటి మీద బిగుతుగా ఉన్నప్పుడు. రన్నర్ మీద వైకేకే (జిప్పులు చేసే జపాన్ కంపెనీ) అని ఉంటే కొంత నమ్మకం. పైన హుక్కు లేకపోతే వేయించాలి, జిప్పు మీద ఉండే లాగుడు అది తీసుకుంటుంది. ఇరుక్కునే చోట పళ్లకు కొవ్వొత్తి మైనం రాస్తే చాలావరకు సర్దుకుంటుంది.

స్లిట్ ఎక్కువైతే మూసేయడం చిన్న పనే, కానీ లైనింగ్‌ను మర్చిపోతారు. పైగుడ్డను మాత్రమే కుట్టేస్తే నడిచేటప్పుడు లోపలి గుడ్డ స్లిట్ దగ్గర విప్పుకుని మెలితిరుగుతుంది. రెండు పొరలనూ విడివిడిగా, లోపలి వైపు నుంచి కనిపించని కుట్టుతో మూయాలి. కొత్త స్లిట్ మొదలయ్యే చోట అడ్డంగా గట్టి కుట్టు నాలుగైదు పోగులు వేయాలి, లేదంటే మొదటి మెట్టు మీదే చిరుగుతుంది.

గౌను పొడవు ఎప్పుడూ ఆ రోజు వేసుకునే చెప్పులతోనే కొలవాలి. ముందు అంచు నేలకు అంగుళం పైన ఉంటే కాలికి తగలదు. లైనింగ్ పైగుడ్డ కన్నా అంగుళం పొట్టిగా ఉండాలి. షిఫాన్ అయితే కత్తిరించే ముందు ఒక రోజంతా హ్యాంగర్‌కు వేలాడదీయాలి. ఏటవాలు కోత ఉన్న చోట గుడ్డ తన బరువుకే సాగుతుంది. ముందే కత్తిరిస్తే మర్నాటికి అంచు ఎగుడుదిగుడవుతుంది. శాటిన్‌లో సూది దిగిన ప్రతిచోటా రంధ్రం మిగులుతుంది, అందుకే పిన్నులు అంచు లోపలి వైపే గుచ్చాలి. శాటిన్‌ను పొడవు దించడం కూడా కుదరదు, పాత కుట్టు చుక్కల వరుస కనిపిస్తుంది. అద్దాలు, చమ్కీలు కుట్టిన గౌన్లలో చంక కింద చేతితో తడిమి చూడాలి. గరుకుగా ఉంటే మూడు గంటల్లో చర్మం ఎర్రబడుతుంది. అక్కడి చమ్కీలు ఊడదీసి మెత్తటి గుడ్డముక్క వేయించాలి. చమ్కీలు గొలుసు కుట్టుతో వేసి ఉంటే ఒక దారం లాగితే వరుసంతా రాలుతుంది. తెగిన కొస కనిపిస్తే లాగకుండా వెనక్కి తీసి ముడివేయాలి.

నెట్ గుడ్డ గురించి మొదటే అడగమన్నది ఇందుకే. వీపు మీదా పక్కల మీదా చర్మం రంగు నెట్ వేసి, కప్పినట్టే కదా అంటారు అమ్మేవాళ్లు. ఆ రంగు ఒకటి రెండు ఛాయల్లోనే వస్తుంది, వేసుకున్నవాళ్ల ఒంటి రంగుతో కలవకపోతే అట్టముక్కలా కనిపిస్తుంది, కలిస్తే గేటు దగ్గర నెట్టే లేదంటారు. రెండు విధాలా ఇబ్బందే. లోపల గౌను రంగు పల్చటి క్రేప్ వేయించితే రెండు సమస్యలూ తీరతాయి. పొడవు గౌనుకు మార్కులు: నడుము పట్టీ, మంచి జిప్పు ఉన్నదానికి 5కు 4, చూడ్డానికి మాత్రమే బాగున్నదానికి ఒకటిన్నర.

అమ్మాయిలకు ప్యాంటు సూటు వేసుకోవచ్చని కాగితంలో ఉంటే అదే అన్నింటికంటే సుఖం, కోడ్‌లోని కొలతల్లో సగం వాటంతటవే పోతాయి. కోటు లోపల వేసే టాపు మాత్రం కోటు తీసేసినా కోడ్‌కు సరిపోయేదే కావాలి. జేబులు నిజమైనవో, ఊరికే కుట్టిన అంచులో చూసి కొనాలి.

వేడుక రోజు సంచిలో రెండు సేఫ్టీ పిన్నులు, బట్ట రంగు దారం ఎక్కించిన సూది, చిన్న కత్తెర పెట్టుకుంటే చాలు. బట్టలు ఒంటికి అతికించే టేపు వాడితే చర్మం పొడిగా ఉండాలి, లోషన్ రాసిన చోట అది నిలవదు. మర్నాడు పాలిస్టర్ కోటును తడిగుడ్డ అడ్డుపెట్టి మాత్రమే ఇస్త్రీ చేయాలి, నేరుగా చేస్తే మెరుపు మచ్చ పడుతుంది. చమ్కీల గౌనును హ్యాంగర్‌కు తగిలించకూడదు, తన బరువుకే భుజాలు సాగిపోతాయి. లోపలి వైపు బయటికి తిప్పి, పరిచి, మధ్యలో పాత దుప్పటి పెట్టి మడిచి దాచాలి.